తప్పుకున్నవాడి తప్పు

మా బావ ఎవరింటికి వెళ్లినా ముందు గుమ్మం కొలుస్తాడు. చేత్తో కాదు, కళ్లతో. "ఇది అర అంగుళం ఎడమకి ఒరిగింది," అంటాడు. ఆ ఇంటివాళ్లు అప్పటిదాకా హాయిగా ఆ గుమ్మంలోంచే వచ్చిపోతూ ఉంటారు. ఆ రోజు నుంచి పాపం వాళ్లకి ఆ అర అంగుళమే కనిపిస్తుంది.

రవాణా ఆఫీసులో ప్రమాదాల తనిఖీ ఆయన ఉద్యోగం. లారీ దేన్ని గుద్దినా, దేనిచేత గుద్దించుకున్నా, ఈయన అక్కడికి వెళ్లి, కొలిచి, తప్పు ఎవరిదో, నూటికి ఎన్ని పాళ్లో రాసి సంతకం పెట్టాలి. అందుకని ఆఫీసులో అందరూ ఆయన్ని టేపుగారు అంటారు. ఆ రిపోర్టులు టైపు చేసేది నేను కాబట్టి నేను టైపుగారిని. ఇద్దరికీ తేడా ఒక ఏత్వం, ఒక ఐత్వం. మేము బావామరదళ్లమని తెలియగానే కొత్తగా చేరినవాళ్లు "ఓహో, బావగారు వేయించిన ఉద్యోగమా" అని ఒక నవ్వు నవ్వుతారు. కాదు బాబూ. నిమిషానికి నలభై మాటలు, ఒక్క తప్పు లేకుండా కొట్టి తెచ్చుకున్నాను. ఒక్క తప్పు లేకుండా అన్న ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి. తర్వాత నన్ను దెప్పడానికి పనికొస్తుంది.

ఈ కొలతల మనిషితో మా అక్క ఇరవై తొమ్మిదేళ్లుగా కాపురం చేస్తోంది. గాజుగ్లాసు పగిలిందనుకోండి. మామూలు ఇళ్లలో ఏం చేస్తారు? పగలగొట్టినవాళ్లని నాలుగు తిట్టి, ముక్కలు ఊడ్చి పారేస్తారు. మా అక్క ఇంట్లో ముక్కలు కదపడానికి వీల్లేదు. ఆయన రావాలి, గొంతుక్కూర్చోవాలి, కళ్లద్దాలు పైకి తోసుకోవాలి.

"గ్లాసు బల్ల అంచుకి రెండు వేళ్ల దూరంలో పెట్టావు. నా మోచెయ్యి తగిలిన మాట నిజమే. నీది డెబ్బై, నాది ముప్పై."

"తగిలించింది మీరు కదండీ!"

"తగలడం చివర్న జరిగింది. తప్పు చివర్న ఉండదు. దానికి ముందు ఎక్కడో ఉంటుంది. సున్నా అక్కడ పెట్టాలి."

సున్నా అంటే టేపు మొదటి కొస. ఆయన దగ్గర తోలు సంచిలో ముప్పై మీటర్ల గుండ్రటి టేపు ఒకటి ఉంది. ఒక మనిషి సున్నా పట్టుకుని కదలకుండా నిలబడితే, ఆయన రెండో కొస లాక్కుంటూ వెళ్తాడు. పెళ్లైన కొత్తలో అక్కని షికారుకని తీసుకెళ్లి, దారిలో లారీ టైర్ల గీతలు కనిపించేసరికి ఆవిడ చేత సున్నా పట్టించాడు. మిట్టమధ్యాహ్నం, కొత్త చీరలో, వచ్చేపోయే బండ్లన్నీ హారన్లు కొడుతుండగా. "నాకు మీరిచ్చింది ఆ సున్నాయేగా" అని మా అక్క ఇప్పటికీ దెప్పుతుంది.

పాలు పొంగిపోయినా, తాళంచెవి కనపడకపోయినా, బస్సు తప్పిపోయినా ఇదే లెక్క. అక్కకి డెబ్బై, ఆయనకి ముప్పై. "ఒక్కసారి, ఒకే ఒక్కసారి మీకు నూటికి నూరు పడగా చూసి పోవాలని ఉందండీ" అంటుంది అక్క. ఆయన పేపరు మడతపెడుతూ "కొలత ఎంత వస్తే అంత. నా చేతుల్లో ఏముంది?" అంటాడు.

ఎగతాళి చేస్తున్నాను గానీ, పని దగ్గర ఆయన నిప్పు. ముప్పై ఏళ్లలో ఒక్క రిపోర్టూ వెనక్కి రాలేదు. "అమ్మాయ్, మనుషులు చెప్పింది రాసుకో. నమ్మేది మాత్రం రోడ్డునే. రోడ్డుకి చుట్టాలుండరు" అని నాకు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేవాడు. ఇంకో నెలలో రిటైరవుతాడనగా, తన వీడ్కోలు సభకి తనే ప్రసంగం రాసుకోవడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడు వచ్చింది ఈ టైల్స్ లారీ కేసు.

వానలు దంచి కొడుతున్న రోజులు. ఊరికి అవతల మలుపులో టైల్స్ లోడుతో వస్తున్న లారీ ఒకటి, ఎదురుగా వస్తున్న వ్యాను ఒకటి తగులుకున్నాయి. లారీ రోడ్డు దిగి పక్కకి పడిపోయింది. వ్యానుకి ఒక దీపం పగిలింది, అంతే. వ్యాను డ్రైవరు మర్నాడే ఇస్త్రీ చొక్కాతో మా ఆఫీసుకి వచ్చి, "లారీ గీత దాటి నా మీదికి వచ్చేసింది మేడమ్" అని గుక్క తిప్పుకోకుండా చెప్పి, కింద సంతకం కూడా ముచ్చటగా చేసి వెళ్లాడు. లారీ డ్రైవరు ఆసుపత్రిలో ఉన్నాడు. దవడ విరిగింది, కుడిచెయ్యి విరిగింది, పై పెదవికి కుట్లు పడ్డాయి.

స్టేట్‌మెంట్లు తీసుకునే ఆయన సెలవులో ఉండడంతో ఆసుపత్రికి నన్ను పంపారు. ఆరు మంచాల వార్డు. కిటికీ రెక్క ఒకటి వానకి టపటపా కొట్టుకుంటోంది. లారీ డ్రైవరు దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు, నలభై దాటిన మనిషి, మొహం సగం కట్లే. నేను ఒడిలో కాయితాలు పెట్టుకుని మొదలుపెట్టాను.

"లోడు ఏంటండీ?"

"ఐల్స్."

టైల్స్ అని రాసుకున్నాను.

"మలుపులో వ్యాను కనిపించిందా?"

తల ఊపాడు.

"అప్పుడు మీరేం చేశారు?"

"త... ఉ... కున్నా."

దవడకి తీగలు కట్టారు, పెదాలు కలవడం లేదు. పెదాలు కలపకుండా "ప" అనండి చూద్దాం. రాదు. "ఏంటీ?" అన్నాను. మళ్లీ అదే అన్నాడు. ఈసారి ఎడమచెయ్యి గాల్లోకి లేపి పక్కకి జరిపాడట. నేను చెయ్యి చూడలేదు. కాయితం చూస్తున్నాను.

మా ఆఫీసులో "త.ఒ." అని ఒక గుర్తు ఉంది. తప్పు ఒప్పుకున్నాడు అనడానికి పొట్టిపేరు. అలాంటివి వందల కొద్దీ రాసిన చెయ్యి ఇది. "త... ఉకున్నా" అని చెవిన పడిందో లేదో, నా పెన్ను నన్ను అడక్కుండానే "త.ఒ." అని రాసేసింది. ఆఫీసుకొచ్చి టైపు మిషను ముందు కూర్చుంటే వేళ్లు కూడా నన్ను అడగలేదు. "ఈ ప్రమాదంలో తప్పు నాదేనని ఒప్పుకుంటున్నాను" అని కొట్టేశాయి. దాని కింద, ప్రతి స్టేట్‌మెంటు కిందా ఉండే ఆఖరి వాక్యం: "పై విషయమంతా నాకు చదివి వినిపించగా విని, సరిగా ఉందని వేలిముద్ర వేశాను."

మర్నాడు వేలిముద్రకి వెళ్లాను. ఆయన మందుల మత్తులో జోగుతున్నాడు. నర్సు తొందరపెడుతోంది. నా బస్సుకి టైమైంది. ఎడమ బొటనవేలికి ఇంకు పూసి, కాయితం మీద నొక్కించి, గొడుగు పట్టుకుని పరిగెత్తాను. చదివి వినిపించలేదు. ఇంత చిన్న మాట చెప్పడానికి ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంది.

ఆ మధ్యాహ్నం బావ టేపు భుజాన తగిలించుకుని ఆఫీసు మెట్ల మీద నిలబడ్డాడు. వాన ఏకధారగా కురుస్తోంది. ఆయనకి కుడి మోకాలు నొప్పి, తడి తగిలితే ఇంకా ఎక్కువ.

"ఆయనే ఒప్పుకున్నాడు బావా," అన్నాను వెనకనుంచి. "ఈ వానలో గీతలేం మిగులుతాయి? వెళ్లి ఏం కొలుస్తారు?"

ఆయన వానని చూశాడు, మోకాలు చూసుకున్నాడు. వెనక్కి వచ్చి టేపు సొరుగులో పెట్టేశాడు. ట్రాఫిక్ పోలీసులు గీసిచ్చిన బొమ్మ ఒకటి పెట్టుకుని రిపోర్టు రాశాడు. లారీ డ్రైవరు తప్పు: నూటికి నూరు. డెబ్బై ముప్పై తప్ప రాయని మనిషి నూరు రాశాడే అని నాకైనా అనిపించాలి కదా! అనిపించలేదు. శుభ్రంగా టైపు చేసి, మూడు కాపీలు తీసి పంపించాను.

మూడు వారాల తర్వాత ఒక శనివారం నా కౌంటరు ముందుకి ఒక మొగుడూ పెళ్లాం వచ్చారు. ఆవిడ చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో మా ఆఫీసు నోటీసు. ఆయన పై పెదవి మీద కొత్త మచ్చ. చూడగానే పోల్చుకున్నాను.

"అమ్మా, ఇది మీరు రాసిందేనా?" అన్నాడు. దవడ తీగలు తీసేసినట్టున్నారు, కానీ మాట ఇంకా నెమ్మదిగానే వస్తోంది.

"అవునండీ. మీరు చెప్పిందే రాశాం."

"నేను చెప్పింది తప్పుకున్నానని."

"అదే కదండీ రాసింది. తప్పు ఒప్పు..." అని ఆగిపోయాను.

ఆయన ఎడమచెయ్యి లేపి పక్కకి జరిపాడు. ఈసారి చూశాను.

"వ్యాను గీత దాటి మీదికొచ్చేస్తోందమ్మా. ఎదుటి బండిలో ఉన్నది మనిషే కదా. ఎడం పక్కకి తప్పుకున్నాను. తప్పుకుంటేనే కదా బండి రాళ్లెక్కి పడింది! అదే చెప్పాను మీకు. రెండుసార్లు చెప్పాను."

"మరి ఈ మాట నాతో ఒక్కసారి చెప్పలేదేం?" అంది భార్య గయ్‌మని.

"నిన్నటిదాకా నోటికి తీగలు ఉన్నాయి కదే."

"తల అడ్డంగా ఊపావు! నేను సిగ్గుతో ఊపుతున్నావనుకున్నా!"

నోటీసు వచ్చిన రోజు నుంచి ఆయన నోరు మూసే ఉంది, ఆవిడ నోరు తెరిచే ఉంది. తప్పు చేసి, చేశానని ఒప్పుకుని కూడా వచ్చాడని మూడు వారాలు ఆ మనిషిని కడిగి ఆరేసింది. ఇప్పుడు నా ఎదురుగా నిలబడి, మొగుడి మొహంకేసి చూడలేక, కవరు మూతని అటూ ఇటూ మడుస్తోంది. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"సోమవారం విచారణ. లైసెన్సు తీసేస్తారట," అన్నాడు ఆయన. "పంతొమ్మిదేళ్లమ్మా. ఒక్క కోడిని తొక్కించలేదు. ఈ చేతులకి స్టీరింగు తప్ప ఇంకో పని తెలీదు. మా ఓనరు అప్పుడే వేరే మనిషిని పెట్టుకున్నాడు. లైసెన్సు కూడా పోతే నేనేం చెయ్యను?"

అప్పుడు నేనేమనాలి? తప్పు నాది, కూర్చోండి అనాలి. నేనన్నది ఇది: "విచారణకి రండి. అక్కడ చెప్పుకోండి." అని, ఫైలు వెతుకుతున్నట్టు తల దించుకున్నాను. అందరూ పప్పులో కాలేస్తారు. నేను తప్పులో రెండు కాళ్లూ వేసి, తీయకుండా నిలబడ్డాను.

ఆ సాయంత్రం అక్క వాళ్లింట్లో బావ ప్రసంగం చదివి వినిపించాడు. నేనుండేది వాళ్ల పైవాటాలోనే, భోజనాలు కిందే. అద్దం ముందు నిలబడి, బొత్తాలు పెట్టుకుని మరీ చదివాడు. "ముప్పై ఏళ్లు. పన్నెండు వందల పైచిలుకు ప్రమాదాలు. ఒక్క రిపోర్టూ వెనక్కి రాలేదు." ఆ వాక్యం దగ్గర ఒకసారి ఆగి, మా మొహాలు చూశాడు, చప్పట్లకి ఎక్కడ చోటుందో కొలుచుకుంటున్నట్టు. "ఎల్లుండి ఆఫీసులో దీన్ని నీట్‌గా టైపు చేసిపెట్టు అమ్మాయ్" అని కాయితం నా చేతిలో పెట్టాడు.

"ఏంటే, మొహం అలా వేలాడేశావు?" అంది అక్క.

"తలనొప్పి," అన్నాను.

పైకి వెళ్లి మంచం మీద కూర్చుని ఆలోచించాను. నేను నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. వేలిముద్ర ఉంది. రిపోర్టు ఉంది. ఆ డ్రైవరు ఎంత మొత్తుకున్నా, పీకల మీదికి వచ్చాక మాట మార్చాడంటారు. బావ చప్పట్ల మధ్య ఇంటికొస్తాడు. నాకు ఇంకా పదకొండేళ్ల సర్వీసు ఉంది. అంతా బాగానే ఉంది, ఆ డ్రైవరు ఎడమచెయ్యి ఒక్కటే కళ్లముందు నుంచి పక్కకి జరగడం లేదు.

ఆదివారం పొద్దున్నే కిందికి దిగాను. బావ పేపరు చదువుతున్నాడు.

"బావా, టేపు తీసుకోండి. టైల్స్ లారీ మలుపు దాకా వెళ్దాం. సున్నా నేను పట్టుకుంటాను."

ఆయన కళ్లద్దాల మీదుగా నన్ను చూసి, పేపరు మడిచి, చెప్పులు వేసుకున్నాడు. స్కూటరు మీద వెళ్తున్నంతసేపూ నేను ఆయన వీపుకి జరిగిందంతా చెప్పాను. ఆయన ఒక్కసారీ వెనక్కి తిరగలేదు, బండి వేగం మాత్రం తగ్గిపోతూ వచ్చింది. వెనకనుంచి సైకిళ్లు మమ్మల్ని దాటిపోయాయి.

మలుపు దగ్గర ఎండ కాస్తోంది. గీతలు పోతాయన్నాను కదా, పోయాయి. రాళ్లు పోలేదు. రోడ్డు ఎడమ అంచున వరసగా పాతిన రాళ్లు మలుపు మొదట్లోంచే చెక్కుకుపోయి ఉన్నాయి. నేను మొదటి చెక్కు దగ్గర సున్నా పట్టుకున్నాను. ఆయన కుంటుకుంటూ లాక్కెళ్లాడు. లారీ పడిన చోటు దాకా పద్నాలుగు మీటర్లు. అంటే వ్యాను తగలకముందే లారీ చక్రాలు రోడ్డు దిగిపోయి ఉన్నాయి. తర్వాత ఆయన వంగి బురద గీకాడు. వ్యాను దీపం గాజుముక్కలు ఆ చెక్కుల చివరి దగ్గరే కుప్పగా బయటపడ్డాయి, మధ్యగీతకి రెండున్నర మీటర్ల ఇవతల, లారీ వెళ్లాల్సిన వైపు.

"గీత దాటింది లారీ అన్నారు కదా," అన్నాడు. "దాటినవాడి చక్రం ఈ పక్క రాళ్లని ఎలా చెక్కుతుంది?"

అది నన్ను అడిగిన ప్రశ్న కాదు. పడిపోయిన రాయి ఒకటి ఉంటే దాని మీద కూర్చుని టేపు నెమ్మదిగా చుట్టుకున్నాడు. అంత నెమ్మదిగా ఆయన టేపు చుట్టడం నేనెప్పుడూ చూడలేదు.

"బావా, సున్నా ఆసుపత్రిలో పెట్టండి," అన్నాను. "నేను చదివి వినిపించలేదు. అక్కడ మొదలైంది."

"కాదు. మెట్ల మీద పెట్టాలి. వానని చూసి వెనక్కి తిరిగాను చూడు, అక్కడ."

"నేనే కదా వెళ్లొద్దన్నాను!"

"నువ్వు ఇరవై ఏళ్లుగా నాకు ఎన్నో చెప్పావు. ఏనాడైనా విన్నానా? ఆ రోజే ఎందుకు విన్నాను? మోకాలు వినమంది." టేపు సంచిలో పెట్టి బొత్తం నొక్కాడు. "మనుషుల మాట నమ్మకూడదని నీకు చెప్పినవాణ్ని."

ఇంటికొచ్చాం. అక్క వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆయన కుర్చీలో కూర్చుని, చొక్కా జేబులోంచి పెన్ను తీసి, రాత్రి నేను బల్ల మీదే వదిలేసి వెళ్లిన ప్రసంగంలో ఒక వాక్యం కొట్టేశాడు.

"ఏవండీ, ఏమైంది?"

"నాకు నూరు పడింది," అన్నాడు.

ఇరవై తొమ్మిదేళ్లు ఎదురుచూసిన మాట. ఎగతాళి చేస్తుందేమోనని నేను కళ్లతో వద్దని సైగ చేస్తూనే ఉన్నాను. మా అక్క సంగతంతా విని, ఆయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. కళ్లు తుడుచుకుంది.

"అలవాటైపోయింది కదా, పోనీ డెబ్బై నాకివ్వండి," అంది.

సోమవారం విచారణ గది కిక్కిరిసిపోయింది. మా పెద్దాఫీసరు కొత్తగా వచ్చినావిడ, వయసులో నాకంటే చిన్నది, మాట మాత్రం కత్తిలా ఉంటుంది. ఒక పక్క బెంచీ మీద లారీ డ్రైవరూ, భార్యా. ఇంకో పక్క వ్యాను డ్రైవరు, మళ్లీ ఇస్త్రీ చొక్కాలోనే. బావ లేచి తను గీసిన కొత్త బొమ్మ బల్ల మీద పరిచాడు. రాళ్లు, గాజు, కొలతలు ఒక్కొక్కటే చెప్పాడు.

"గాజు ఎగిరి అటు పడి ఉంటుంది సార్," అన్నాడు వ్యాను డ్రైవరు.

"ఎగిరిన గాజు చెల్లాచెదురవుతుంది. ఇది కుప్పగా ఉంది."

"అంటే... వాన... ఆ రోజు నాకు సరిగా..." అని నీళ్లు నమిలాడు.

"బాబూ, ఆయన తప్పుకోబట్టి నువ్వు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇక్కడ నిలబడ్డావు. లేకపోతే ఆ కట్లన్నీ నీకుండేవి, అదీ అదృష్టం బాగుంటే," అన్నాడు బావ. వ్యాను డ్రైవరు గీత దాటింది తనేనని నేలకి చెప్పాడు.

పెద్దాఫీసరు పాత ఫైలు తిరగేసింది. "మరి ఈ స్టేట్‌మెంటులో లారీ డ్రైవరు తప్పు ఒప్పుకున్నట్టు ఉందే? చదివి వినిపించామని కూడా రాశారు. దాని మీద నూటికి నూరు రిపోర్టు. ఇదెవరి పొరపాటు?"

బావ నా వైపు తిరగకుండా, పెదాలు కదిపీ కదపకుండా అన్నాడు: "నువ్వు తప్పుకో అమ్మాయ్."

"తప్పుకోను," అన్నాను.

"నీకింకా సర్వీసు ఉంది. తప్పుకో."

"తప్పుకోను బావా."

"ఏంటక్కడ గుసగుసలు?" అంది ఆఫీసరు.

"తప్పు నాది మేడమ్. చూడకుండా రిపోర్టు రాశాను. నూటికి నూరూ నాదే," అన్నాడు బావ.

"కాదు మేడమ్, నాది. విన్నది రాయలేదు. రాసింది చదవలేదు. చదివానని టైపు చేశాను. నూటికి నూరూ నాదే," అన్నాను.

"చిన్నపిల్ల, తెలీక మాట్లాడుతోంది," అన్నాడు బావ. నాకప్పటికి నలభై ఏడు నిండాయి.

"ఇద్దరికీ కలిపి రెండు వందలయ్యింది. ఈ ఫారంలో నూటికి మించి రాయడానికి గడి లేదు," అంది ఆఫీసరు విసుగ్గా. "ఎవరో ఒకరు తేల్చండి."

మేమిద్దరం మళ్లీ ఒకేసారి నోరు తెరిచాం. అప్పుడు బెంచీ మీంచి లారీ డ్రైవరు నెమ్మదిగా లేచాడు.

"ఇద్దరిలో ఒక్కరైనా తప్పుకోవాలండీ," అన్నాడు. "లేకపోతే ఇలాగే గుద్దుకుంటారు."

గదంతా గొల్లుమంది. పెద్దాఫీసరు నవ్వాపుకోలేక ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుంది. బావ కూడా నవ్వాడు. నవ్వి, జేబురుమాలు తీసి, కళ్లద్దాలు తుడుచుకుంటున్నట్టు చాలాసేపు తుడుచుకున్నాడు.

మా ఇద్దరికీ చెరొక మెమో వచ్చింది. రిపోర్టు వెనక్కి తీసుకున్నారు. ముప్పై ఏళ్లలో వెనక్కి వచ్చింది అదొక్కటే. ఫైలుకి జతచేసి ఉంచిన లైసెన్సు డ్రైవరు చేతికిచ్చి, "స్టేట్‌మెంటు మాత్రం ఇప్పుడే, ఇక్కడే మళ్లీ తీసుకోండి" అంది ఆఫీసరు. బావ తన కుర్చీ నాకిచ్చి పక్కన నిలబడ్డాడు. టైపు మిషను తెచ్చి పెట్టారు. డ్రైవరు చెబుతుంటే నేను ఆయన మొహమే చూస్తూ, చేతులే చూస్తూ, ఒక్కో మాటా కొట్టాను. నిమిషానికి నలభై కాదు, నాలుగు.

అయ్యాక కాయితం తీసి, లేచి నిలబడి, మొదటి అక్షరం నుంచి చదివాను. "మలుపులో వ్యాను మధ్యగీత దాటి నా మీదికి రాగా, ఆ బండిలోని మనిషికి దెబ్బ తగలకూడదని, నేను ఎడమ పక్కకి తప్పుకున్నాను."

"ఆ ముక్క ఇంకోసారి చదవండమ్మా," అన్నాడు డ్రైవరు.

"ఎక్కడైనా తేడా ఉందా?" అన్నాను.

"తేడా ఏం లేదు." పక్కకి చూశాడు. మూడు వారాలు తిట్టిన ఆవిడ తల వంచుకుని, ప్లాస్టిక్ కవరు రెండు చేతులా పట్టుకుని కూర్చుని ఉంది. "మా ఆవిడకి వినపడేలా, కొంచెం గట్టిగా."

నేను గొంతు సవరించుకుని మళ్లీ చదివాను.